చదరపు కిలోమీటరుకు 193 మంది: ప్రకాశం జిల్లా లెక్కలో కనపడని సంగతులు

2011 జనగణన ప్రకారం ప్రకాశం జిల్లా జనాభా 33,97,448. అప్పటి విస్తీర్ణం 17,626 చదరపు కిలోమీటర్లు. ఒకదాన్ని ఇంకోదానితో భాగిస్తే చదరపు కిలోమీటరుకు 193 మంది వస్తారు. గ్రూప్స్ పరీక్షలకు చదివేవాళ్ళు ఈ అంకెను బట్టీపట్టేస్తారు, సర్కారు నివేదికలు మొదటి పేజీలోనే వేసుకుంటాయి. చిక్కల్లా ఏమిటంటే ఆ 193 ఏ ఊరి సంగతీ చెప్పదు. చీరాల చుట్టుపక్కల జనం అంతకు ఎన్నో రెట్లు కిక్కిరిసి ఉంటారు. దోర్నాల, అర్ధవీడు, పుల్లలచెరువు దాటి అడవిలోకి పోతే కిలోమీటర్ల తరబడి ఇల్లే కనపడదు. ఈ రెండింటినీ కలిపి సగటు తీస్తే వచ్చేది అటువాళ్ళకూ ఇటువాళ్ళకూ పనికిరాని అంకె.

ఈ మాట ఎంత నిజమో 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల విభజనే నిరూపించింది. ఆ రోజు చీరాల, పర్చూరు, అద్దంకి ప్రాంతాలు బాపట్ల జిల్లాలోకి వెళ్ళాయి. కందుకూరు ప్రాంతం నెల్లూరులో కలిసింది. మిగిలిన ప్రకాశం విస్తీర్ణం సుమారు 14,322 చదరపు కిలోమీటర్లు, జనాభా 2011 లెక్క ప్రకారమే 22.88 లక్షలు. ఇప్పుడు తీసివేత చేసి చూద్దాం. వెళ్ళిపోయిన నేల దాదాపు 3,300 చదరపు కిలోమీటర్లు, అంటే పాత జిల్లాలో ఐదో వంతు కూడా కాదు. వెళ్ళిపోయిన జనం మాత్రం 11 లక్షల పైమాటే, దగ్గరదగ్గర మూడో వంతు. పోయిన భాగంలో చదరపు కిలోమీటరుకు సుమారు 335 మంది, ఉన్న భాగంలో 160 మంది. ఒక్క కుటుంబం కూడా మూటాముల్లే సర్దుకోలేదు, అయినా రాత్రికి రాత్రి జిల్లా జనసాంద్రత 193 నుంచి 160కి దిగిపోయింది. జనమూ కాలువలూ పోయాయి, మెట్టా అడవీ మిగిలాయి.

ఆ మాటకొస్తే 193 కూడా చిన్న అంకే. 2011లో ఇప్పటి ఆంధ్రప్రదేశ్ మొత్తానికి సగటు 300 పైన ఉంది. పాత పదమూడు జిల్లాల్లో ప్రకాశం కంటే పలచన ఒక్క కడపే, 188తో.

ఇంత పొంతన లేని నేలలు ఒకే జిల్లా ఎందుకయ్యాయన్నది అడగాల్సిన ప్రశ్న. 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లాగా దీన్ని కుట్టినప్పుడు గుడ్డ ముక్కలు మూడు చోట్ల నుంచి వచ్చాయి. ఒంగోలు, అద్దంకి, చీరాల వైపు గుంటూరు నుంచి. కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి వైపు నెల్లూరు నుంచి. మార్కాపురం, గిద్దలూరు వైపు కర్నూలు నుంచి. 1972 డిసెంబర్‌లో టంగుటూరి ప్రకాశం పంతులు పేరు పెట్టారు. ఆయన పుట్టింది ఈ జిల్లాలోని వినోదరాయునిపాలెంలోనే. నిజానికి ఒంగోలుకు జిల్లాలు మారడం కొత్త కాదు. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడేదాకా అది నెల్లూరు జిల్లాలోనే ఉండేది. ఒంగోలు జాతి పశువులు బ్రెజిల్‌లో నెలోర్ పేరుతో చలామణీ కావడం ఆ పాత సరిహద్దుల పుణ్యమే.

గమనించాల్సింది ఒకటుంది. గుంటూరుకు దక్షిణపు కొస, నెల్లూరుకు ఉత్తరపు కొస, కర్నూలుకు తూర్పు కొస. మూడూ ఆయా జిల్లాల్లో చివరన ఉన్న ప్రాంతాలే. కాలువ నీళ్ళు ఆఖరున చేరేది అక్కడికే, తారురోడ్డు ఆఖరున పడేది అక్కడికే. మూడు కొసల్ని ఒకచోట చేర్చినంత మాత్రాన మధ్యలో ఒక కేంద్రం పుట్టుకురాదు. కలెక్టరేట్ ఒంగోలులో పెట్టారు గానీ గిద్దలూరు నుంచి అక్కడికి దాదాపు నూట యాభై కిలోమీటర్లు. గిద్దలూరువాళ్ళకు అరవై కిలోమీటర్ల పైచిలుకులో నంద్యాల ఉంది. ఆస్పత్రికైనా, చదువుకైనా ముందు గుర్తొచ్చేది అదే. పెళ్ళికి బంగారం కొనాలంటే ప్రొద్దుటూరు మాట వస్తుంది. చీరాలవాళ్ళ చూపు గుంటూరు వైపు, పామూరువాళ్ళ చూపు నెల్లూరు వైపు. ఒంగోలుకు పోయేది కాగితం పని పడ్డప్పుడే.

రైలు పట్టాల్ని చూస్తే ఇది ఇంకా తేటగా తెలుస్తుంది. విజయవాడ–చెన్నై ప్రధాన లైను సముద్రం వెంబడి చీరాల, ఒంగోలు, సింగరాయకొండ మీదుగా పోతుంది. గుంటూరు–నంద్యాల లైను కురిచేడు, దొనకొండ, మార్కాపురం, కంభం, గిద్దలూరు మీదుగా పోతుంది. జిల్లా లోపల ఈ రెండూ ఎక్కడా కలవవు. ఒంగోలు నుంచి మార్కాపురానికి రైల్లోనే పోతానని ఎవరైనా పంతం పడితే గుంటూరు చుట్టి రావాలి. మధ్యలోని దర్శి, పొదిలి, కనిగిరి తరతరాలుగా రైలు కూత వినలేదు. నడికుడి–శ్రీకాళహస్తి లైను ఆ దారినే వేస్తున్నారు గానీ పనులు ముక్కలు ముక్కలుగా, ఏళ్ళ తరబడి నడుస్తున్నాయి.

సముద్రం నుంచి పడమటికి పోతుంటే నేల ఎలా మారుతుందో, జనం ఎలా పలచబడతారో చూడొచ్చు. ఉమ్మడి జిల్లాకు తీరం 102 కిలోమీటర్లు. ఇసుక మేటలు, సరుగుడు తోపులు, పట్టపువాళ్ళ పల్లెపాలేలు, కొత్తపట్నం, సింగరాయకొండ వైపు రొయ్యల చెరువులు, చినగంజాం ఉప్పు కొఠార్లు. ఇక్కడ వానంటే ఈశాన్య రుతుపవనం, తుపాను. జిల్లా మొత్తానికి ఏడాది వర్షపాతం సుమారు 870 మిల్లీమీటర్లు, అందులో నైరుతి వాటా, ఈశాన్యం వాటా దాదాపు సమానం. కోస్తాలో ఉత్తరం జిల్లాలకు నైరుతే పెద్ద దిక్కు. ఇక్కడ మాత్రం దీపావళి దాటాక కూడా రైతు ఆకాశం వంకే చూస్తుంటాడు. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు చేలో ఉన్న పంటలన్నీ నీళ్ళలో నిలిచాయి.

తీరం దాటగానే నల్లరేగడి. ఒంగోలు, నాగులుప్పలపాడు, టంగుటూరు, కొండపి చుట్టూ ఉండే ఈ నేలలో బోరు లేకపోయినా పంట వస్తుంది, ఎందుకంటే ఈశాన్యం వానకు తాగిన తేమను రేగడి చలికాలమంతా పట్టి ఉంచుతుంది. ఆ తేమ మీదే శనగ, ఆ తేమ మీదే పొగాకు. పొగాకు బోర్డు కూడా ఈ ప్రాంతాన్ని జిల్లా పేరుతో కాకుండా నేల పేరుతో రెండుగా విడదీసి చూస్తుంది: ఒంగోలు వైపు దక్షిణాది నల్లనేలలు, కనిగిరి, పొదిలి, కందుకూరు వైపు దక్షిణాది తేలిక నేలలు. జనగణనవాళ్ళ కంటే పొగాకు బోర్డువాళ్ళకే ఈ జిల్లా బాగా అర్థమైందనిపిస్తుంది.

ఈ నేలల్లో ఇంకో మార్పు కూడా వచ్చింది. కూలీలు దొరకని రైతులు చాలామంది సుబాబుల్‌కూ జామాయిల్‌కూ మళ్ళారు. ఒకసారి నాటితే కాగితం మిల్లుకు నరికి తోలేదాకా పెద్దగా మనిషితో పని ఉండదు. జనం పలచబడితే పంట మారుతుంది. పంట మారితే ఊళ్ళో కూలి పని ఇంకా తగ్గి, ఉన్నవాళ్ళు కూడా బయటికి దారి చూసుకుంటారు. ఏది ముందు, ఏది వెనక అని తేల్చడం కష్టం.

ఒంగోలు నుంచి కర్నూలు రోడ్డు పట్టుకుని పోతే చీమకుర్తి. రామతీర్థం కొండ చుట్టూ దొరికే గెలాక్సీ గ్రానైట్ ప్రపంచంలో ఇంకెక్కడా ఈ మేరకు లేదు. నల్లటి రాతిలో బంగారు రంగు చుక్కలు మెరుస్తాయి, బ్రాంజైట్ అనే ఖనిజం వల్ల వచ్చే మెరుపు అది. క్వారీ అంచున నిలబడి కిందికి చూస్తే అడుగున ఉన్న లారీ అగ్గిపెట్టెంత కనపడుతుంది. ఇక్కడ జనం కథ తిరగబడుతుంది. జిల్లా అంతా బయటికి పోతుంటే చీమకుర్తికి మాత్రం ఒడిశా, బీహార్, రాజస్థాన్, తమిళనాడు నుంచి పనివాళ్ళు వస్తారు. పక్క మండలంలోని మర్రిపూడివాళ్ళు హైదరాబాద్ బస్సెక్కుతుంటారు. క్వారీలో మిషన్ పని తెలిసినవాళ్ళకు గిరాకీ, పొలం పని తెలిసినవాళ్ళకు లేదు.

అక్కడి నుంచి పడమరకు, దక్షిణానికి తిరిగితే ఎర్రనేలలు. పొదిలి, కొనకనమిట్ల, మర్రిపూడి, కనిగిరి, పీసీపల్లి, వెలిగండ్ల, హనుమంతునిపాడు, సీఎస్‌పురం. జిల్లా భూగోళంలో అన్నిటికంటే ఎక్కువ చెప్పుకోవాల్సింది, అన్నిటికంటే తక్కువ చెప్పుకున్నదీ ఈ ప్రాంతమే. నేల పలచన, కింద గట్టి రాయి. కనిగిరి చుట్టుపక్కల గ్రానైట్‌లో ఫ్లోరిన్ ఉన్న ఖనిజాలు ఎక్కువ. రాతి పగుళ్ళలో ఏళ్ళ తరబడి నిలిచిన నీళ్ళలోకి అది కరిగి వస్తుంది. వాన బాగా పడి పైపైనే నీళ్ళు దొరికిన రోజుల్లో బావి నీళ్ళు తాగేవాళ్ళు. బావులు ఎండి బోర్లు దింపడం మొదలయ్యాక, ఎంత లోతుకు పోతే అంత పాత నీళ్ళు, అంత ఫ్లోరైడ్. తాగే నీళ్ళలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రమాణం. ఈ వైపు ఎన్నో ఊళ్ళలో బోరు నీళ్ళు ఆ గీత దాటే ఉంటాయి. పిల్లల పళ్ళు గారపట్టి గోధుమ రంగు చారలు కడతాయి. నడివయసుకే మోకాళ్ళు, నడుము పట్టేసి వంగడం కష్టమవుతుంది.

వేసవిలో ఈ ఊళ్ళలో రోజు ట్యాంకర్‌తో మొదలవుతుంది. రచ్చబండ దగ్గర ప్లాస్టిక్ బిందెలు వరుసలో ఉంటాయి. పనికి పోవాల్సినవాళ్ళు బిందె పెట్టి, పక్కింటామెకు చెప్పి పోతారు. ట్యాంకర్ నీళ్ళు వాడకానికి, తాగడానికి మాత్రం ఆర్వో ప్లాంటు డబ్బా నీళ్ళు. డబ్బా కొనలేని ఇంట్లో బోరు నీళ్ళే తాగుతారు. ఒకే వీధిలో ఎవరి మోకాళ్ళు నొప్పి పెడతాయన్నది కూడా చివరికి డబ్బుల లెక్కే అవుతుంది. ఇలాంటి ఊరి నుంచి కుర్రవాళ్ళు బేల్దారి పనికి బెంగళూరో హైదరాబాదో పోయారంటే కరవు ఒక్కటే కారణం అనుకోకూడదు. ఆడపిల్లను ఆ ఊరికి ఇవ్వడానికి అవతలివాళ్ళు వెనకాడటం కూడా కారణమే. నీళ్ళు లేని ఊరికి సంబంధం కుదరడం ఎంత కష్టమో అక్కడి పెళ్ళిళ్ళ పేరయ్యల్ని అడిగితే చెబుతారు.

ఎర్రనేలలకు పడమట వెలిగొండలు గోడలా అడ్డం నిలుస్తాయి. గోడ దాటితే రాయే మారిపోతుంది. అది పొరలు పొరలుగా పేరుకున్న పాత రాళ్ళ కడప బేసిన్, పలకరాయి దేశం. మార్కాపురం పలకలు ఒకప్పుడు తెలుగు బడి పిల్లలందరి చంకలోనూ ఉండేవి. ప్లాస్టిక్ పలకలు, ఆపైన నోటు పుస్తకాలు వచ్చాక ఆ పరిశ్రమ చిక్కిపోయింది. ఇప్పుడు రాతి పలకల్ని ఇళ్ళ గోడలకు, నేలకు అంటించే డిజైన్ రాళ్ళుగా కోసి విదేశాలకు పంపుతున్నారు. రాతి దుమ్ము పీల్చి ఊపిరితిత్తులు పాడు చేసుకున్నవాళ్ళ తరం ఒకటి ఆ పట్టణంలో ఉంది.

ఈ లోయలోనే కంభం చెరువు. రెండు కొండల మధ్య ఇరుకు సందులో అడ్డకట్ట వేసి, గుండ్లకమ్మ నీళ్ళను ఆపారు. విజయనగర కాలం నాటి పని, 15వ శతాబ్దానిది, వరదరాజమ్మ అనే రాణి కట్టించిందని చెప్పుకుంటారు. కట్ట పొడవు పెద్దదేం కాదు, సుమారు మూడు వందల మీటర్లు. చెరువు నిండితే నీళ్ళు మాత్రం కిలోమీటర్ల మేర పరుచుకుంటాయి. కొండల్నే గోడలుగా వాడుకుని, మనిషి కట్టాల్సింది వీలైనంత తక్కువకు తెచ్చిన తెలివి అది. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ దీన్ని వారసత్వ కట్టడాల జాబితాలో చేర్చింది. అయితే చెరువు నిండటం ఏటా జరిగే పని కాదు. నిండిన ఏడాది కంభం, బేస్తవారిపేట ఆయకట్టు ఊళ్ళు కళకళలాడతాయి. నిండని ఏడాది చెరువులో గడ్డి మొలుస్తుంది. వాన మీద బతికే పల్లెల మధ్య ఆ ఊళ్ళు మాత్రం ఐదు వందల ఏళ్ళుగా పెద్దగా కదలకుండా ఉన్నాయంటే ఆ కట్ట చలవే.

గిద్దలూరు దగ్గర ఇంకో విచిత్రం ఉంది. అక్కడి నల్లమల నీళ్ళలో కొన్ని గుండ్లకమ్మ పట్టుకుని ఈశాన్యంగా పోయి, ఆ తర్వాత ఆగ్నేయానికి తిరిగి అద్దంకి మీదుగా ఒంగోలు దగ్గర సముద్రంలో కలుస్తాయి. మిగతావి సగిలేరు పట్టుకుని దక్షిణంగా కడప జిల్లాలోకి దిగి పెన్నలో పడతాయి. ఒకే నియోజకవర్గం నీళ్ళు రెండు నదులకు పోతుంటే, ఆ ఊళ్ళవాళ్ళు ఇటు కోస్తావాళ్ళా అటు సీమవాళ్ళా అన్న వాదన తెగకపోవడంలో ఆశ్చర్యం లేదు.

ఆపైన నల్లమల. దోర్నాల, యర్రగొండపాలెం, పుల్లలచెరువు, అర్ధవీడు మండలాల్లో అడవి నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యంలో భాగం. చెంచు గూడేలు ఇక్కడే. జిల్లా జనాభాలో గిరిజనులు నాలుగున్నర శాతం లోపే అయినా, తీరంలో యానాదులు, మైదానంలో ఎరుకలు, సుగాలీలు, అడవిలో చెంచులు అందరూ ఆ ఒక్క అంకెలోనే ఉన్నారు. వీళ్ళ బతుకుల మధ్య పోలికే లేదు.

ఇక కాలువల సంగతి. నాగార్జునసాగర్ కుడికాలువ దర్శి, అద్దంకి, ఒంగోలు బ్రాంచీలుగా ఈ జిల్లాకు వస్తుంది. చీరాల వైపుకు కృష్ణా పశ్చిమ డెల్టా నీళ్ళు కొమ్మమూరు కాలువలో వస్తాయి. రెండింటికీ ఇది చివరి ఆయకట్టే. సాగర్‌లో నీళ్ళు నిండుగా ఉన్న ఏడాది కూడా పై ఊళ్ళ తూములు దాటుకుని కిందికి చేరేసరికి నారు ముదిరిపోతుంది. ఒంగోలు నగరం తాగేది కూడా సాగర్ నీళ్ళే. కాలువ వదిలినప్పుడు సమ్మర్ స్టోరేజీ ట్యాంకుల్లో నింపుకుని నెలల తరబడి పొదుపుగా వాడుకోవాలి. మద్దిపాడు మండలం మల్లవరం దగ్గర గుండ్లకమ్మ రిజర్వాయర్ కట్టారు గానీ 2022లో ఒక గేటు, 2023 డిసెంబర్‌లో ఇంకో గేటు కొట్టుకుపోయాయి. నీళ్ళు లేక అల్లాడే జిల్లాలో ఉన్న నీళ్ళు సముద్రం పాలయ్యాయి. కొత్త ప్రాజెక్టులకు శంకుస్థాపన చేయడంలో ఉన్న హుషారు పాత గేట్లకు గ్రీజు పెట్టడంలో ఉండదు.

పడమటి మండలాల ఆశంతా వెలిగొండ ప్రాజెక్టు మీద. శ్రీశైలం జలాశయం నుంచి కృష్ణా వరద నీటిని నల్లమల కొండల కింద నుంచి రెండు సొరంగాల్లో తేవాలి. ఒక్కోటి 18 కిలోమీటర్ల పైనే. ఇవతల సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల దగ్గర కొండల మధ్య సందుల్ని మూసి నల్లమలసాగర్ కట్టారు, నిల్వ 43 టీఎంసీల పైచిలుకు. పూర్తయితే ప్రకాశం, నెల్లూరు, కడప జిల్లాల్లో 4.47 లక్షల ఎకరాలకు సాగునీరు, 15.25 లక్షల మందికి తాగునీరు అన్నది లెక్క. మొదటి శంకుస్థాపన 1996లో. 2024 మార్చిలో సొరంగాలను ప్రారంభించారు గానీ ముంపు ఊళ్ళ పునరావాసం, కాలువలు మిగిలిపోయాయి. శంకుస్థాపన నాడు పుట్టిన పిల్లవాడికి ఇప్పుడు బడికి పోయే పిల్లలుంటారు. కంభం చెరువు సూత్రమే ఇక్కడా వాడారు, కొండల్నే గోడలు చేసుకోవడం. తేడా అల్లా, అప్పట్లో నీళ్ళు ఊరి పక్క వాగులోనే ఉండేవి.

జనం ఊరు వదలడం ఈ ప్రాంతంలో ఎప్పుడూ నీళ్ళ కోసమే జరగలేదు. చీరాల, పేరాల గ్రామాల్ని మునిసిపాలిటీ చేసి పన్నులు పెంచినందుకు 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో జనం ఇళ్ళు వదిలి, ఊరి బయట పాకలు వేసుకుని రామనగరమని పేరు పెట్టి నెలల తరబడి ఉన్నారు. 1985 జూలైలో కారంచేడులో దళితుల మీద దాడి జరిగాక, ప్రాణాలు దక్కినవాళ్ళు చీరాలకు చేరి అక్కడే కాలనీ కట్టుకుని ఉండిపోయారు. ఉమ్మడి జిల్లా జనాభాలో ఎస్సీలు 23 శాతం పైన, అంటే నలుగురిలో దాదాపు ఒకరు. ఊరికీ వాడకూ మధ్య దూరం చదరపు కిలోమీటర్ల లెక్కలో తేలేది కాదు.

అక్షరాస్యత అంకె కూడా ఇలాంటిదే. 2011లో జిల్లాలో 63.08 శాతం. మగవాళ్ళలో 72.92, ఆడవాళ్ళలో 53.11. ఇరవై శాతం తేడా. పట్టణాల్లో ఉండే జనం ఇరవై శాతం కూడా లేరు. రాష్ట్రంలో అది దాదాపు ముప్పై. ఒంగోలులో రెండు లక్షల పైచిలుకు మంది ఉంటే పడమటి ప్రాంతానికంతటికీ పెద్దదైన మార్కాపురంలో డెబ్బై వేల చిల్లర. పల్లె నుంచి పక్క పట్టణానికి పోయే మెట్టే ఇక్కడ లేదు, పల్లె నుంచి నేరుగా హైదరాబాదే.

అసలు చిక్కు లెక్కపెట్టే రోజుల్లోనే ఉంది. 2011లో జనాన్ని లెక్కించింది ఫిబ్రవరి 9 నుంచి 28 వరకు. ఆ ఇరవై రోజుల్లో ఎప్పుడో ఒకప్పుడు ఇంట్లో ఉన్నవాళ్ళను ఆ ఇంట్లో రాసుకుంటారు. మొత్తం రోజులూ లేకపోతే వాళ్ళెక్కడుంటే అక్కడ రాయాలి. సంక్రాంతి వెళ్ళగానే పడమటి ప్రకాశం నుంచి కుటుంబాలు కుటుంబాలుగా గుంటూరు వైపు మిరపకాయల కోతకు పోతాయి. పిల్లల్ని బడి మాన్పించి తీసుకుపోయేవాళ్ళూ ఉంటారు. వాళ్ళు తిరిగొచ్చేది కోతలు అయ్యాకే. అంటే సరిగ్గా మనుషులు లేని రోజుల్లో వచ్చి ఈ ఊళ్ళను లెక్కపెట్టారు. ఇంటికి తాళం, అరుగు మీద ముసలామె, ఆమె చెప్పిన పేర్లు. ఎన్యూమరేటర్ రూలు పాటిస్తే ఆ పేర్లు రాయకూడదు, జాలిపడితే రాస్తాడు. గుంటూరు చేలల్లో గుడిసెలు వేసుకున్నవాళ్ళ దగ్గరికి అక్కడి ఎన్యూమరేటర్ పోయాడో లేదో అది ఇంకో సంగతి. సగటు మీద అనుమానం ఒకటైతే, ఆ సగటుకు మూలమైన లెక్క మీదే ఇది రెండో అనుమానం.

దీన్ని పండితుల చర్చగా కొట్టిపారేయడానికి లేదు. మైదానంలో 30 వేల మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, కొండ, గిరిజన ప్రాంతాల్లో 20 వేల మందికి ఒకటి అన్నది దేశమంతా పాటించే కొలత. చదరపు కిలోమీటరుకు 335 మంది ఉన్నచోట 30 వేల మంది తొంభై చదరపు కిలోమీటర్లలో దొరుకుతారు. ఆస్పత్రి మధ్యలో ఉంటే ఎటు చూసినా ఐదారు కిలోమీటర్లు. వంద మందే ఉండే చోట అదే జనం మూడు వందల చదరపు కిలోమీటర్లలో చెల్లాచెదురుగా ఉంటారు. అప్పుడు దూరం పది కిలోమీటర్లు, అదీ రోడ్డు తిన్నగా ఉంటే. కాగితం మీద ఇద్దరికీ సమాన న్యాయమే జరిగింది. పురిటి నొప్పులతో ఉన్న మనిషికి మాత్రం దూరం రెట్టింపైంది. రెండు వేల జనాభాకో సచివాలయం అన్నా ఇదే కథ. పలచటి ప్రాంతానికి జనాభా కొలత పనికిరాదు, దూరం కొలత కావాలి. వలసపోయినవాళ్ళను లెక్కలోంచి తీసేస్తే ఆ కొలత ఇంకా కుంచించుకుపోతుంది.

మార్కాపురం కేంద్రంగా జిల్లా కావాలని పడమటివాళ్ళు అడగడం వెనక ఉన్నది ఈ దూరమే. 2022లో వినలేదు. కనిగిరిని రెవెన్యూ డివిజన్ చేసి సరిపెట్టారు. కందుకూరు, అద్దంకి వాళ్ళు కూడా తమను తిరిగి ఒంగోలు కింద చేర్చమని అడుగుతూ వచ్చారు. 2025 చివర్లో మార్కాపురం, గిద్దలూరు, యర్రగొండపాలెం, కనిగిరి ప్రాంతాలతో కొత్త జిల్లాకు ప్రభుత్వం నిర్ణయం తీసుకుంది. కలెక్టరు దగ్గరికి పోవడానికి తెల్లారగట్ల బస్సెక్కాల్సిన పని తప్పుతుంది. ఇది చిన్న మేలేం కాదు.

అయితే కొత్త గీత గీసినప్పుడు రెండు విషయాలు చూసుకోవాలి. ఒకటి డబ్బు. గనుల నుంచి వచ్చే ఖనిజ నిధి ఏ జిల్లాలో గని ఉంటే ఆ జిల్లాకే పోతుంది. చీమకుర్తి గ్రానైట్ ఒంగోలు వైపు ఉంది, మార్కాపురానికి దక్కేది పలకరాయి. ఫ్లోరైడ్ ఊళ్ళు మాత్రం చాలా వరకు పడమటి వైపు ఉన్నాయి. రక్షిత నీటికి ఖర్చు పెట్టాల్సిన అవసరం ఒకచోట, ఖర్చు పెట్టగల నిధి ఇంకోచోట. 2022లో జనం ఎక్కువున్న నేల విడిపోయి మెట్ట మిగిలినట్టే, ఈసారి రాబడి ఒక పక్క, లోటు ఇంకో పక్క పడే ప్రమాదం ఉంది. రాష్ట్రం చొరవ తీసుకుని ప్రత్యేకంగా నిధులిస్తే తప్ప ఆ లోటు కొత్త బోర్డులతో పూడదు.

రెండోది రాబోయే జనగణన. 2021లో జరగాల్సింది వాయిదా పడి, ఇప్పుడు 2027 మార్చి 1 తేదీ ప్రామాణికంగా జరగబోతోంది. అంటే మళ్ళీ ఫిబ్రవరి నెలే, మళ్ళీ మిరపకోతల కాలమే. మార్కాపురం జిల్లాకు అది మొదటి లెక్క. వచ్చే పదేళ్ళు బడులు, ఆస్పత్రులు, రేషన్ కోటా, నియోజకవర్గాలు అన్నీ దాని మీదే ఆధారపడతాయి. ఈసారి ఫోన్‌లో లెక్క రాస్తారు, జనమే స్వయంగా నింపుకునే వీలు కూడా ఇస్తామంటున్నారు. తేదీ మార్చడం ఎలాగూ జిల్లా చేతిలో లేదు. గుంటూరు, పల్నాడు జిల్లాల మిర్చి చేలల్లో ఎవరు ఏ ఊరి నుంచి వచ్చారో అక్కడి సిబ్బంది రాసుకునే ఏర్పాటు, మార్కాపురం, కనిగిరి వైపు తాళం వేసిన ఇళ్ళ జాబితా ముందే తయారుచేసుకునే ఏర్పాటు మాత్రం జిల్లా అధికారుల చేతిలో పనే. దానికి ఉన్న గడువు సంక్రాంతి దాకానే.